విశాఖకు సముద్రపు కేబుల్ వస్తోంది సరే, మన సందులోని తీగ సంగతేమిటి?

విశాఖపట్నంలో గూగుల్ సంస్థ భారీ డేటా కేంద్రం పెడుతుందన్న ప్రకటన 2025 అక్టోబరు 14న వచ్చింది. ఐదేళ్లలో సుమారు 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి, అదానీ, ఎయిర్‌టెల్ సంస్థల భాగస్వామ్యం, వీటితో పాటు విశాఖ తీరానికి అంతర్జాతీయ సముద్రగర్భ కేబుళ్లు. వాషర్‌మెన్‌పేట్ తెలుగు ఇళ్లలో ఆ వారమంతా ఇదే మాట. తాతముత్తాతల కాలంలోనే ఇక్కడికొచ్చి స్థిరపడ్డా, ఆంధ్రలో ఒక మంచి జరిగిందంటే మనకు పండగే కదా. ఆ సంతోషంలో మా సంఘం సభ్యులు పదే పదే అడిగిన ప్రశ్న ఒకటుంది. “అక్కడ కేబుల్ దిగితే ఇక్కడ మన ఇంటి నెట్ కూడా బాగుపడుతుందా?”

పెద్దగా బాగుపడదన్నదే మా సమాధానం. సముద్రపు కేబుల్ మన ఊరికి కొత్త కాదు. సింగపూర్ వెళ్లే ఐ2ఐ కేబుల్ 2002లో, టాటా వారి కేబుల్ 2004లో చెన్నై తీరానికి వచ్చాయి. యూరప్ దాకా పోయే సీ-మీ-వీ 4 ముంబైతో పాటు చెన్నైలోనూ దిగుతుంది. 2020 ఆగస్టు 10న ప్రధాని ప్రారంభించిన అండమాన్ కేబుల్, సుమారు 2,300 కిలోమీటర్లది, బయలుదేరేది ఇక్కడి నుంచే. దేశంలో ముంబై తర్వాత ఈ విషయంలో పెద్ద ఊరు చెన్నైయే. అయినా రాత్రి ఎనిమిదిన్నరకు తిరువొత్తియూర్ హై రోడ్డు పక్క సందుల్లో అమెరికాలో ఉన్న మనవరాలితో మాట్లాడబోతే బొమ్మ బిగుసుకుపోతోంది. సముద్రం దాటి వచ్చిన మాట మన సందు మొగలో ఆగిపోతోంది.

విశాఖ కేబుల్ దండగని కాదు. 2025 సెప్టెంబరు 6న ఎర్ర సముద్రంలో జెడ్డా దగ్గర సీ-మీ-వీ 4, ఐమీవీ కేబుళ్లు తెగాయి. భారతదేశంలోనూ పాకిస్తాన్‌లోనూ నెట్ మందగించింది. మైక్రోసాఫ్ట్ సంస్థ కూడా తన ఖాతాదారులకు లేటెన్సీ పెరుగుతుందని ముందే చెప్పుకుంది. అప్పుడు నెట్ పూర్తిగా ఆగిపోలేదు, చుట్టు దారిలో నడిచింది. దారి పొడవు పెరిగితే జవాబు రావడం ఆలస్యమవుతుంది. తూర్పు తీరాన ఇంకో రేవు ఉంటే అలాంటి రోజున ఒక దారి ఎక్కువ ఉంటుంది. విశాఖ నుంచి మనకు రాగల మేలు అది. రోజూ సాయంత్రం మనం పడే అవస్థ వేరు. దాని కారణం కూడా వేరే చోట ఉంది.

ముందు ఈ లేటెన్సీ అన్న మాట సంగతి చూద్దాం. కంపెనీ ప్రకటనల్లో కనిపించేది వేగం ఒక్కటే. 50, 100, 300 ఎంబీపీఎస్ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. వేగమంటే ఒక్కో బస్తాలో ఎన్ని ఉత్తరాలు పడతాయన్నది. లేటెన్సీ అంటే మనం వేసిన కార్డుకు జవాబు ఎన్నాళ్లకు వస్తుందన్నది. పిల్లలు దీన్నే పింగ్ అంటారు. కొలత మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతుల్లో. బస్తా ఎంత పెద్దదైనా రైలు ఆలస్యమైతే జవాబు ఆలస్యంగానే వస్తుంది.

సినిమాకు బస్తా చాలు. ఓటీటీ వాళ్లు రాబోయే కొన్ని నిమిషాల బొమ్మను ముందే తెచ్చి మన టీవీలో దాచి ఉంచుతారు కాబట్టి మధ్యలో కొంత తడబాటు వచ్చినా మనకు తెలియదు. వీడియో కాల్‌లో దాచి పెట్టడానికేమీ ఉండదు. మాట అప్పుడే పుట్టి అప్పుడే రావాలి. “సినిమా బాగానే వస్తోంది బాబూ, కాల్ ఒక్కటే తెగుతోంది” అని మన అమ్మగారు చెప్పడం, “స్పీడ్ ఫుల్‌గా ఉందమ్మా” అని కేబుల్ అబ్బాయి బదులివ్వడం రోజూ వినే మాటలే. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఆమె చెప్పేది జవాబు గురించి, అతను చెప్పేది బస్తా గురించి.

1980లు, 90లలో విదేశాలకు ఐ.ఎస్.డి. చేసినవాళ్లకు ఈ ఆలస్యం అనుభవమే. “హలో” అన్నాక కాసేపు నిశ్శబ్దం, ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, మళ్లీ ఇద్దరూ ఆగిపోవడం. అప్పట్లో చాలా కాల్స్ 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం మీదుగా పోయేవి. ఒక వైపు ప్రయాణానికే పావు సెకను పట్టేది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు ప్రకారం ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మాటలు సాఫీగా నడుస్తాయి. అది దాటేకొద్దీ పాత ఐ.ఎస్.డి. రోజులు గుర్తొస్తాయి.

ఇందులో కంపెనీ తగ్గించలేని భాగం ఒకటుంది. అది తెలియకపోతే అనవసరంగా పోట్లాడతాం. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికి ప్రతి 100 కిలోమీటర్లకు ఒక మిల్లీసెకను లెక్క. రోడ్డు దూరాన్ని బట్టి చూస్తే హైదరాబాద్‌కు ఆరేడు, ముంబైకి పదమూడు. సింగపూర్‌కు ముప్పై దరిదాపు. న్యూయార్క్ వైపు సుమారు 13,500 కిలోమీటర్లు కాబట్టి 135కు తగ్గే ప్రశ్నే లేదు. కేబుళ్లు తిన్నగా పోవు, మధ్యలో మజిలీలుంటాయి, అందువల్ల నిజంలో 200 దాటుతుంది. ఎంత ఖరీదైన ప్లాను కొన్నా న్యూజెర్సీ దగ్గరికి జరగదు. కాబట్టి అమెరికా కాల్‌ను పట్టుకుని స్థానిక కంపెనీని అంచనా వేయకూడదు. చెన్నైలోనే ఉన్న సర్వర్‌ను పలకరించి చూడాలి. ఫైబర్ అయితే అది 10 మిల్లీసెకన్ల లోపు పలకాలి, 20 దాకా సర్దుకోవచ్చు. తీగ మీద వచ్చే నెట్‌లో, ఊళ్లోనే ఉన్న సర్వర్ తరచూ 50 దాటుతోందంటే ఎక్కడో లోపం ఉన్నట్టే. ఇది మా అంచనా, ఏ చట్టమూ చెప్పింది కాదు.

సగటును నమ్మవద్దు. ఐదుసార్లు పింగ్ చేస్తే 10, 12, 11, 240, 13 వచ్చాయనుకోండి. సగటు 57. ఆ 57 అన్నది ఒక్కసారి కూడా రాలేదు! మనకు అందింది నాలుగు చక్కని జవాబులు, ఒక పాడు జవాబు. మాట తెగేది ఆ 240 దగ్గర. ఈ ఎగుడుదిగుడును జిట్టర్ అంటారు. అసలు జవాబే రాకపోతే ప్యాకెట్ లాస్. వంద పలకరింపుల్లో రెండు మూడు గల్లంతైనా కాల్ చెడుతుంది.

వినోదం దగ్గరే ఆగితే మేము ఇంత రాయం. సంఘం తరఫున శని, ఆదివారాల్లో పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు చెప్పిస్తున్నాం. 2006 నాటి తమిళ బోధన చట్టం 2006-07లో ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పైకి వచ్చింది. ఆ తర్వాత బడిలో తెలుగును మొదటి భాషగా చదివే వీలు ఎలా కుంచించుకుపోయిందో ఈ పాఠకులకు చెప్పనక్కరలేదు. చాలా ఇళ్లలో పిల్లవాడు తెలుగు అక్షరం చూసేది ఆ గంటన్నరలోనే. పంతులమ్మ ఒక పద్యపాదం చెప్పి పిల్లలందరినీ కలిపి చదవమంటే, ఒకడి గొంతు ముందు, ఒకడిది వెనక. మూడో పిల్ల గొంతు రానే రాదు. వల్లె వేయించడమన్నది ఆన్‌లైన్‌లో ఎలాగూ కష్టం, అందులో ఒక్కో ఇంటి నుంచి ఒక్కో ఆలస్యమైతే అసాధ్యం. నాలుగు వారాలు వరసగా బొమ్మ బిగుసుకుపోయిన పిల్ల ఐదో వారం రాదు. అడిగితే “ట్యూషన్ ఉంది” అంటుంది. పిల్లకు ఆసక్తి లేదని మనం రాసేసుకుంటాం. ఎం.సి. రోడ్డు బట్టల కొట్లలో పండగ ముందు రోజు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసిన డబ్బు వచ్చిందో లేదో తెలియక ఖాతాదారునీ కొట్టు ఆసామినీ నిలబెట్టేదీ, ఇంటి నుంచి పని చేసే కోడలి మీటింగ్ మధ్యలో తెంచేదీ చాలాసార్లు ఈ ఆలస్యమే.

లోపం ఎక్కడుందో చూద్దాం. ఫైబర్ నేరుగా ఇంట్లోకి వచ్చిన కనెక్షన్ ఒక రకం. అందులో సాధారణంగా ఒకే తీగను 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. కిందికి దాదాపు 2.5 గిగాబిట్లు, పైకి 1.25. అరవై నాలుగు ఇళ్లూ ఒకేసారి లాగినా ఒక్కొక్కరికి 38 ఎంబీపీఎస్ పైగా పడుతుంది. మధ్యలో కరెంటు అవసరమైన పెట్టె ఉండదు. రెండో రకం మన పాత సందుల్లో ఇంకా చాలా ఉంది. ఫైబర్ ఎవరో ఒకరి మిద్దె మీద పెట్టె దాకా వస్తుంది. అక్కడి నుంచి ఇంటింటికీ రాగి లాన్ తీగ లాగుతారు. ఆ పెట్టెకు ఆ ఇంటి కరెంటే ఆధారం. ఈబీ వాళ్లు ఫ్యూజు తీస్తే మన ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ ఉండదు. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో ఉత్తర చెన్నైలోని కొన్ని వీధుల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఈ రెండు రకాలకూ ఉన్న తేడా తెలుస్తుంది. రాగి తీగ వానకు తడిసి, ఎండకు ఎండి, ఉడత కొరికి రెండు మూడేళ్లలో నాణ్యత పోగొట్టుకుంటుంది. ఫైబర్ అని డబ్బు తీసుకుని ఇంట్లోకి రాగి తీగ తెచ్చారేమో ఒకసారి రౌటర్ వెనక చూడండి. సన్నని తీగ వచ్చి చేరే చిన్న తెల్ల పెట్టె ఉంటే ఫైబర్. లావు తీగ నేరుగా రౌటర్‌లోకి పోతే రాగి.

సాయంత్రం ఏడు నుంచి పదకొండు దాకా మాత్రమే ఇబ్బంది ఉంటే కారణం ఇంకొకటి కావచ్చు. స్థానిక సరఫరాదారు పై కంపెనీ దగ్గర కొనుక్కున్న సామర్థ్యం చాలక, అందరి ప్యాకెట్లూ రేషన్ షాపు ముందు జనంలా వరసలో నిలబడతాయి. పొద్దున ఆరింటికి 8, రాత్రి తొమ్మిదింటికి 120 అని పింగ్ చూపిస్తే అది ఆ వరస పొడవు. దీనికి మనం ఇంట్లో చేయగలిగింది లేదు, అతను పైనుంచి ఇంకా కొనాలి.

ఇక ఇంటి లోపలి లోపాలు. నిజం చెప్పాలంటే వచ్చే ఫిర్యాదుల్లో వీటి వాటా తక్కువేమీ కాదు. మన పాత ఇళ్లు రైలు పెట్టెల్లా పొడుగ్గా ఉంటాయి, గోడలు సున్నం, ఇటుకలతో జానెడు మందం. తీగ వీధి వాకిట్లోంచి వస్తుంది కాబట్టి రౌటర్ అక్కడే మేకుకు వేలాడుతుంది, చదువుకునే పిల్ల వంటింటి పక్క గదిలో ఉంటుంది. దానికి తోడు ఇరుకు సందులో ఇరవై ఇళ్ల వైఫై సంకేతాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. పాత 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానికొకటి తగలని చానళ్లు మూడే. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో రద్దీ తక్కువ కానీ అది గోడ దాటదు. మెట్ల కింద పెట్టిన సీసీ కెమెరా రాత్రింబవళ్లు బొమ్మల్ని పైకి పంపుతుంటే పైకి పోయే దారి నిండిపోయి, 10 ఉండాల్సిన పింగ్ 300 అవుతుంది. దానికి కేబుల్ అబ్బాయిని తిట్టి లాభం లేదు.

అందుకే మూడు చోట్ల కొలవాలంటున్నాం. కంప్యూటర్‌ను వైఫైతో కాకుండా లాన్ తీగతో రౌటర్‌కు కలపాలి. మొదట రౌటర్‌నే పింగ్ చేయాలి. దాని చిరునామా, సాధారణంగా 192.168.1.1 లాంటిది, రౌటర్ అడుగున అతికించిన చీటీలో ఉంటుంది. ఒకటి రెండు మిల్లీసెకన్లు రావాలి. అదే పని వైఫై మీద చేస్తే 40, 90 అని గెంతుతోందంటే లోపం మన ఇంట్లోది. రెండోది సరఫరాదారు మొదటి మజిలీ. ట్రేస్‌రూట్ అనే ఆదేశంతో ఆ చిరునామా తెలుస్తుంది, ఇంట్లో కాలేజీ పిల్లలుంటే రెండు నిమిషాల్లో చూపిస్తారు. రౌటర్ బాగుండి ఇక్కడే తొందరపాటు మొదలైతే మన సందు తీగ, ఆ మిద్దె మీద పెట్టె అనుమానించాలి. కొన్ని పరికరాలు ఇలాంటి పలకరింపుకు తీరికగా జవాబిస్తాయి కాబట్టి ఈ ఒక్క అంకెతోనే తీర్పు చెప్పకండి. ఆ తర్వాతి చోట్ల కూడా అదే ఆలస్యం కనిపించాలి. మూడోది బయటి సర్వర్. మొదటి రెండూ బాగుండి ఇది పెరిగితే సరఫరాదారు పై కంపెనీ నుంచి కొన్నది చాలడం లేదు, లేదా మన ప్యాకెట్లు చెన్నైలోనే ఉన్నవాటి కోసం ముంబై వెళ్లి వస్తున్నాయి. ఊళ్లో నిక్సీ వారి ఎక్స్ఛేంజి ఉంది, అక్కడ ఒకరి నెట్‌వర్క్ మరొకరితో కలుస్తుంది. చిన్న సరఫరాదారు ఊళ్లో కలవకపోతే పక్క వీధి వాడికి పంపిన మాట కూడా వేరే ఊరు చూసి వస్తుంది.

స్పీడ్ టెస్ట్ యాప్‌ల విషయంలో ఒక జాగ్రత్త. ఊక్లా వారి పరీక్ష తనంతట తాను దగ్గరి సర్వర్‌ను ఎంచుకుంటుంది. అది తరచూ మన సరఫరాదారు నెట్‌వర్క్‌లోనే ఉంటుంది, కాబట్టి అంకె అందంగా వస్తుంది. సర్వర్ మార్చి కూడా చూడాలి. నెట్‌ఫ్లిక్స్ వారి ఫాస్ట్ డాట్ కామ్‌లో మరిన్ని వివరాలు నొక్కితే లైను ఖాళీగా ఉన్నప్పటి లేటెన్సీ, నిండినప్పటి లేటెన్సీ వేరువేరుగా కనిపిస్తాయి. మనకు కావలసింది రెండోదే.

నియమాల మాటకు వద్దాం. ట్రాయ్ సంస్థ 2024 ఆగస్టు 2న సేవా నాణ్యతపై కొత్త నిబంధనలు ఇచ్చింది, అక్టోబరు 1 నుంచి అవి అమల్లోకొచ్చాయి. అంతకు ముందు మూడు వేర్వేరు పత్రాల్లో ఉన్నవాటిని కలిపి ఒకటి చేశారు. డబ్బు కట్టాక ఏడు పని దినాల్లో కనెక్షన్ ఇవ్వాలి. చెడిపోయినది మూడు రోజులు దాటినా బాగుచేయకపోతే ఆ మేరకు పరిహారం ఇవ్వాలి. జరిమానా తీవ్రతను బట్టి 10 లక్షల రూపాయల దాకా పోవచ్చు, అయితే అది ప్రభుత్వానికి చేరుతుంది, మనకు కాదు. లేటెన్సీ కూడా ఈ నాణ్యత లెక్కల్లో ఉంది. కానీ కంపెనీ సమర్పించే లెక్క మొత్తం సేవా ప్రాంతానికి సగటు. 2006 నాటి పాత నిబంధనల్లో అయితే 120 మిల్లీసెకన్ల హద్దును కంపెనీ నోడ్ నుంచి అంతర్జాతీయ గేట్‌వే దాకా కొలిచేవారు. నోడ్ నుంచి మన వాకిలి దాకా ఉన్న ముక్క ఆ అంకెలో లేనే లేదు. అణ్ణానగర్‌లో 6, మన సందులో 160 ఉన్నా పైకి పోయే కాగితం మీద అంతా సజావుగానే కనిపిస్తుంది. సందు లెక్క సందులోవాళ్లే రాసుకోవాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఆ రాసుకున్నది పనికి రావాలంటే ముందు బిల్లు ఉండాలి. దీని దగ్గరే మన పెద్దలతో మాకు పేచీ. “మన వీధి అబ్బాయేనండీ, చిన్నప్పట్నుంచీ చూస్తున్నాం, బిల్లెందుకు” అంటారు. నెలనెలా చేతికి ఇచ్చేస్తారు, లేదా అతని సొంత నంబరుకు పంపిస్తారు. అతను మంచివాడే. ఆదివారం వానలో కూడా నిచ్చెన వేసుకుని వస్తాడు, పెద్ద కంపెనీల కాల్ సెంటర్‌లో పాట వింటూ నిలబడే బాధ లేదు. ఆంధ్రలో 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, నెట్ ఇస్తామన్న ప్రభుత్వ పథకం, అది కూడా ఇంటి దాకా రావడానికి స్థానిక కేబుల్ ఆపరేటర్ల మీదే ఆధారపడింది. వాళ్లు లేకపోతే మనకు నెట్ లేదు. కానీ లైసెన్సు అతనిది కాకపోవచ్చు, అతను పై కంపెనీకి ఏజెంటు కావచ్చు. మన పేర ఖాతా నంబరు, 18 శాతం జీఎస్టీ చూపించిన బిల్లు లేకపోతే ఆ కంపెనీ దృష్టిలో మనం ఖాతాదారులమే కాము. ఫిర్యాదు నంబరు రాదు, పరిహారం రాదు. మూడు రోజుల నియమం ఎవరి మీద ప్రయోగిస్తాం? బిల్లు అడగడం అబ్బాయిని అవమానించినట్టు కాదు, అతను కూడా దాన్ని చూపించి పై కంపెనీని అడగగలడు.

బిల్లు చేతిలో ఉంటే దారి ఇలా ఉంటుంది. కంపెనీ కాల్ సెంటర్‌లో ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబరు తీసుకోవాలి. గడువులో తీరకపోతే అదే కంపెనీ అప్పీలు అధికారికి 30 రోజుల్లోగా రాయాలి, దానికి రుసుము లేదు. ట్రాయ్‌కి నేరుగా రాసి ఎదురు చూడవద్దు, వ్యక్తిగత ఫిర్యాదులు వాళ్లు తీసుకోరు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. టెలికం తగాదాలు వినియోగదారుల కమిషన్‌కు రావని కంపెనీలు చాలాకాలం వాదించాయి. 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది.

కంపెనీ మారిపోవడం సులువేమో అనిపిస్తుంది. మొబైల్ నంబరులా బ్రాడ్‌బ్యాండ్‌ను పోర్ట్ చేసుకునే ఏర్పాటు లేదు, పాతది తీయించి కొత్తది వేయించుకోవాలి. 2023 సెప్టెంబరు 19న చెన్నైతో సహా ఎనిమిది నగరాల్లో మొదలైన జియో ఎయిర్‌ఫైబర్ లాంటివి తీగ లేకుండా 5జీ మీద వస్తాయి. తీగ తెగే బాధ తప్పుతుంది కానీ గాలిలో వచ్చేదానికి ఎగుడుదిగుడు ఎక్కువ. ఇంట్లో పెద్దలు సీరియల్ చూసుకోవడానికి చాలు, ఆఫీసు మీటింగులున్న ఇంట్లో వారం రోజులు పరీక్షించకుండా తీసుకోవద్దని మా సలహా.

ఈ నెలలో సంఘం చేయబోతున్నది ఒక చిన్న పని. సభ్యుల ఇళ్లకు ఒక్కో కాగితం ఇస్తున్నాం. వారం రోజులు, పొద్దున ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి తొమ్మిది, ఈ మూడు వేళల్లో రౌటర్, మొదటి మజిలీ, బయటి సర్వర్, ఒక్కోదానికి ఇరవైసార్లు పింగ్ చేసి, తక్కువది, ఎక్కువది, పోయినవి రాయాలి. తీగతో చేశారా వైఫైతో చేశారా అన్నది తప్పక రాయాలి. కంపెనీ పేరు, ప్లాను, బిల్లు ఉందా లేదా అన్న గడులు కూడా ఉన్నాయి. సొంతంగా చేసుకోలేని పెద్దల ఇళ్లకు తెలుగు తరగతి పిల్లల్లో పెద్దవాళ్లు వచ్చి చేసిపెడతారు, వాళ్లకు ఆ కాగితం తెలుగులో నింపడం కూడా పాఠమే. ఒకే సందులోని ఐదారు ఇళ్ల కాగితాల్లో ఒకే గంటకు అంకె లేస్తే, ఆ కాగితాలన్నీ కలిపి ఒకే ఫిర్యాదుగా, ఒక్కో ఇంటి ఖాతా నంబరుతో కంపెనీకి పంపుతాం. ఒక ప్రతి ఆ వీధి అబ్బాయికి కూడా ఇస్తాం. నింపిన కాగితాలు ఆదివారం తరగతికి వచ్చే పిల్లల చేతికిచ్చి పంపితే చాలు.